కింది వాటా మంత్రిగారు

చికాగోలో మా అమ్మాయి ఇంటి కింది వాటాలో ఒక ముసలాయన అద్దెకుండేవాడు. ఒకప్పుడు లిథువేనియా అనే చిన్న దేశానికి మంత్రి. రష్యావాళ్ళు ఆ దేశాన్ని మింగేశాక పారిపోయి వచ్చి, ఇక్కడ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. చెత్త బయట పడేయడానిక్కూడా ఇస్త్రీ చొక్కా వేసి టై కట్టేవాడు. కరెంటు దండగ అని నేను సణిగేదాన్ని.

ఆ దేశంలోనే ఉండిపోయిన ఆయన చెల్లెలికి జబ్బు ముదిరింది. వెళ్ళి చూడాలంటే రష్యావాళ్ళ వీసా కావాలి. అద్దె ఇవ్వడానికి పైకి వచ్చినప్పుడు ఆ సంగతి చెప్పి, వాళ్ళని వీసా అడగనన్నాడు.

"ఒక్క సంతకం పెట్టి చూసి రమ్మనవే," అన్నాను మా అమ్మాయితో.

"ఊరుకో అమ్మా. ఆయనకది ప్రిన్సిపుల్," అంటూనే ఆయనకి ఇంగ్లీషులో చెప్పింది.

ఆయన నావైపే చూశాడు. "నా ఇంట్లోకి వెళ్ళడానికి దొంగని అడగాలా, మేడమ్?"

"తాళం వాడి దగ్గరే ఉందిగా," అన్నాను. మా అమ్మాయి మొహమాటపడుతూ అదీ చెప్పింది. ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

క్రిస్మస్ ముందు రాత్రి మా ఇద్దర్నీ భోజనానికి పిలిచాడు. ఆ పూట వాళ్ళు మాంసం ముట్టరట. ఉన్నది ముగ్గురమే అయినా నాలుగో కంచం పెట్టి, పక్కన కొవ్వొత్తి వెలిగించాడు.

"అదెవరికే?" అన్నాను.

మా అమ్మాయి అడిగి తెలుసుకుంది. ఆ ఏడు పోయినవాళ్ళకి అలా పెడతారట. చెల్లెలు పోయి నెలయిందట.

"ఇవాళ వస్తుంది," అన్నాడాయన. "ఇక ఎవరి అనుమతీ అక్కర్లేదు."

లేచి వెళ్ళి వీధి తలుపు బార్లా తెరిచి వచ్చి కూర్చున్నాడు. మంచు గాలి లోపలికి కొట్టింది. హీటరు వేడంతా బయటికి పోతున్నా, తలుపు వెయ్యమని నేననలేదు.