పాలీహౌస్‌లో కొబ్బరిచెట్టు

మా ఆవిడ కూరగాయల నారు పెంచుతుంది. వంగ నారు కావాలన్నా, మిరప నారు కావాలన్నా చుట్టుపక్కల రైతులు మా ఇంటికే వస్తారు. వానకి ఇప్పుడు వేళాపాళా లేదు కదా! వరసగా రెండేళ్లు పడరాని రోజుల్లో పడి ఆ నారంతా కుళ్లబెట్టింది. ఈసారీ పోతే ఇక నారు పొయ్యనని, పాలీహౌస్ వేయించమని ఆవిడే అడిగింది.

ఐనవిల్లి దగ్గర మా దొడ్డంతా కొబ్బరే. ఎండ తగిలే జాగా ఒక్కటే ఉంది, దాని నడిమధ్యన కూడా ఒక చెట్టు. మేస్త్రీ దాన్ని చూసి తల గోక్కున్నాడు.

"ఇది కొట్టించెయ్యాలండీ."

"కాపు మీదున్న చెట్టండీ! కొబ్బరిచెట్టంటే మాకు కొడుకుతో సమానం. కొడుకుని నరుక్కుంటామేంటండీ?" అని కసిరాను.

"ఆయ్, మీ ఇష్టమండీ" అన్నాడు.

ప్లాస్టిక్ కప్పుకి కంత పెట్టించి, చెట్టుని అందులోంచి పైకి వదిలేశాం. ఊళ్లోవాళ్లు చూసి నవ్వారు. నేను మాత్రం ఏనుగెక్కినంత సంబరపడ్డాను.

నారు ఏపుగా వచ్చింది. మా ఆవిడ ట్రేల మధ్య తిరుగుతూ మొక్కలతో కబుర్లు చెప్పేది. ఇంకో నాలుగు రోజుల్లో రైతులకి ఇవ్వాలి. ఆ చెట్టు కాయలు కూడా దింపుకి వచ్చాయి. కాయ ఇంకాస్త ముదరనిద్దామని, దింపు తీసేవాణ్ణి వెనక్కి పంపింది నేనే. నాకన్నీ తెలుసు మరి!

మర్నాడు మధ్యాహ్నం గాలివాన వచ్చింది. కాయలు రాలి కప్పుని చీల్చేశాయి. చిరుగుల్లోంచి నీళ్లు ధారగా ట్రేల మీద పడుతున్నాయి. నేను పరుగెత్తుకెళ్లేసరికి మా ఆవిడ ఆ చెట్టు కిందే ఒంగి ట్రేలు పక్కకి లాగుతోంది. కాయలింకా రాలుతూనే ఉన్నాయి.

"నెత్తిన పడతాయి, బయటికొచ్చెయ్!" అని అరిచాను.

"చెట్టు కొడుకన్నారు కదండీ. మరి ఈ నారు నాకేవవుతాదండీ?" అంది, తలెత్తకుండానే.

నేనూ ఒంగి ట్రేలు మోశాను. సగం నారు దక్కింది.

వాన వెలిశాక చెట్టు కొట్టేవాళ్లని పిలిపించాను. గొడ్డలి పడేముందు చెట్టు మొదలుకి పసుపు, కుంకుమ పెట్టింది మా ఆవిడే. చెట్టు ఒరుగుతుంటే వెక్కి వెక్కి ఏడ్చింది. ఆవిడ నారు పోయినప్పుడు నేను ఒక్కసారైనా అలా ఏడవలేదు.