వేలిముద్రల చుట్టూ తిరిగిన రాత

మొన్న రేషన్ దుకాణంలో ఒకసారి వేలు పెట్టించుకున్న డీలరు, మిషన్‌ను మళ్ళీ నా ముందుకు తోశాడు. ఎందుకని అడిగితే, "ముందుగాల పెట్టు తాత, ఏందో ఎనుక జెప్త" అన్నాడు. నా చెయ్యి లేవలేదు. వరుసలో ఉన్నవాళ్ళు ముసలాయనకు చెవుడనుకున్నారు కాబోలు, విసుక్కున్నారు. చెవుడు కాదు, భయం. పట్టుకొని అరవై ఏళ్ళు దాటినా దిగని భయం.

నాకు చదువు ఎవరూ చెప్పలేదు. ఉర్దూ అక్షరాలు మా వాడకట్టు దర్జీ దగ్గర కూర్చొని, తెలుగు చక్కెర పొట్లాల కాగితాలు విప్పి చదివి నేర్చుకున్నాను. ఇరవై ఏళ్ళ వయసులో బీడీలు చుట్టే తునికాకు కల్లంలో ఆకు కట్టలు ఎండకు తిప్పేవాణ్ణి. ప్రైవేటుగా మెట్రిక్ కట్టాలంటే ముందు కరీంనగర్‌లో ఒక బడిలో పరీక్ష నెగ్గాలన్నారు. నెగ్గితే సర్కారు నౌకరీకి దారి, లేకుంటే బతుకంతా కల్లమే.

ఆ బడి పెద్దసారు, పొట్లాలకని కిరాణా దుకాణాలకు చేరిన పాత సర్కారు దఫ్తరు కాగితాలను ఏరి తెచ్చి దాచుకునే మనిషి. చరిత్ర పరీక్షనాడు ఒక్కొక్కరి ముందు ఒక్కో కాగితం పెట్టి, రాజుల పేర్లూ యుద్ధాల సంవత్సరాలూ నాకొద్దు, ఈ కాగితం ఏం చెబుతుందో, దాన్ని ఎంతవరకు నమ్మొచ్చో, ఎందుకో, అందులో ఉన్నదాంతోనే వ్యాసం రాయండన్నారు. నెలల తరబడి బట్టీ పట్టిందంతా గోదాట్లో కలిసింది. పైగా నాకు వచ్చింది మా ఊరి కాగితమే. మేం మా ఇష్టంతోనే దొరగారికి వెట్టి చేస్తున్నాం, ఎవరి జబర్దస్తీ లేదు అని ఉర్దూలో రాసి ఉంది. కింద ఊరివాళ్ళ వేలిముద్రలు.

హాల్లో కాపలా కూర్చున్నది ఆ దొర అల్లుడే, బడి కమిటీలో పెద్ద. వెట్టి పోయిందన్నారు గాని మా బాపు అప్పటికీ దొర పొలమే కౌలుకు దున్నుతున్నాడు, అల్లుడు ఒక్క మాటంటే అది పోతుంది. అందుకని జనం ఇష్టపడే చేశారని అరపేజీ రాశాను.

తర్వాత కాగితం ఎత్తి చూస్తే, చివరి నాలుగు వరుసలు ఇరుక్కొని, ముద్ర ఎదురైన చోటల్లా ఒరిగి, దాని చుట్టూ తిరిగి పోతున్నాయి. ఒకచోట జాగా చాలక రాత ముద్ర మీదికే ఎక్కింది. అంటే ముద్రలు ముందు, రాత తర్వాత. నాకు ఆరేళ్ళప్పుడు దొర ఉండే గడి ముందు బాపు తెల్లకాగితం మీద బొటనవేలు పెట్టి, అంటిన సిరా నెత్తికి తుడుచుకోవడం గుర్తొచ్చింది. ఏం కాగితమని అవ్వ అడిగితే తెల్వదన్నాడు.

రాసింది కొట్టేశాను. బాపు ఊసెత్తకుండా, వరుసలు ఎక్కడ వంగాయో, ఏ ముద్ర మీద సిరా నడిచిందో మాత్రమే రాసి, ఇది జనం ఇష్టం కాదు, రాయించినవాడి ఇష్టమని ముగించాను. అల్లుడు నా జవాబు నిలబడే చదివాడు.

"మీ బాపు మంచిగున్నడా?" అని మాత్రం అడిగాడు.

మూడు రోజులు గడిచాయి. బాపుకు చెప్పలేదు, చెప్పే ధైర్యమేదీ. నాలుగోనాడు పెద్దసారు పిలిపిస్తే వెళ్ళాను, అల్లుడూ అక్కడే ఉన్నాడు.

"గీ సంగతి ఇంట్ల విన్నవా, కాగితంల సూసినవా?" అన్నారు పెద్దసారు.

"కాగితంలనే ఉన్నది సార్."

ఆయన కాగితాన్ని కిటికీ వెలుగుకు పట్టి అల్లుడికి చూపించారు. "మీరే సూడున్రి. పిలగాడు సొంతంగ ఒక్క మాట కలపలే." అల్లుడు చూసి లేచిపోయాడు.

పరీక్ష నెగ్గాను, నౌకరీ వచ్చింది. పైయేడు బాపు దున్నే పొలం వేరేవాళ్ళకు ఇచ్చారు. నా వ్యాసం వల్లనేనా? ఏ కాగితంలోనూ లేదు. బాపు పోయేదాకా ఆ సంగతి నేను ఆయనకు చెప్పలేదు.

ఇప్పుడు అందరికీ చదువొచ్చు, అయినా ఎందుకని అడక్కుండా వేలు పెడుతున్నారు. ఆనాటి మోసానికి కనీసం వంకర వరుసలుండేవి, వెలుగుకు పట్టి చూపిస్తే దొర అల్లుడైనా నోరు మూసుకునేవాడు. ఈ మిషన్‌లో రాత ఎటు వంగిందో నేనెక్కడ చూడను? బియ్యం కావాలి గనక నేనూ పెట్టాను. సంచి ఎత్తుకొని బయటికొచ్చాక గాని గమనించలేదు, సిరా అంటని వేలిని నెత్తికి తుడుచుకుంటున్నాను.