పన్నెండు గంటలు, ఎవరి గడియారం ప్రకారం: టెంటర్‌ఫీల్డ్ నుంచి సరిహద్దు సబ్‌స్టేషన్ దాకా

క్వేకర్స్ హిల్‌లో మా గరాజ్‌లో ఒక మూల ఆరు అట్టపెట్టెల కొవ్వొత్తులు ఉండేవి. వై టూ కే వస్తోంది, శతాబ్దం మారిన క్షణాన కంప్యూటర్లు తికమకపడి సిడ్నీ అంతా చీకటైపోతుంది అని నేను గర్జించిన రోజుల్లో కొన్నవి. నేను బైబిలు కాలేజీ చూసిన బోధకుణ్ణి కాను. వారమంతా ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికి, ఆదివారం పెండిల్ హిల్‌లో అద్దె హాల్లో తెలుగు విశ్వాసులకు వాక్యం చెప్పేవాణ్ణి. ఆ డిసెంబరంతా దివిటీల్లో నూనె లేక తలుపు బయట మిగిలిపోయిన ఐదుగురు కన్యకల గురించే చెప్పాను. ఒక ఆదివారం ప్రభాకర్ లేచి నిలబడ్డాడు. గుంటూరు మనిషి, కరెంటు వ్యవస్థ కంప్యూటర్లలో తేదీలు సరిచేసే కాంట్రాక్టు అతనిది. "అయ్యగారూ, మేం అన్నీ టెస్ట్ చేశామండీ. లైట్లు పోవు. జనాన్ని భయపెట్టొద్దండీ" అన్నాడు. సొదొమ కాలబోతోందని లోతు చెబితే వేళాకోళం అనుకున్న అల్లుళ్ళు ఉన్నారే, వాళ్ళతో పోల్చాను అతన్ని, వేలు చూపించి మరీ. నలభై తలలు వెనక్కి తిరిగాయి. అతని పక్కన భార్య సుజాత పాటల పుస్తకం మూసేసింది.

జనవరి ఒకటి తెల్లారింది. మా ఇంట్లో ఫ్యాను తిరుగుతూనే ఉంది. ప్రభాకర్, సుజాత మళ్ళీ సంఘానికి రాలేదు. నేనూ ఆ సంగతి పీఠం మీద ఎత్తలేదు. సంవత్సరం గడిచి మళ్ళీ వేసవి వచ్చి, ఫిబ్రవరి ఎండకు ఆ కొవ్వొత్తులన్నీ కరిగి ఒకే ముద్దయ్యాయి. ఆ వారమే తెలిసింది, వాళ్ళు నెలాఖరుకు బ్రిస్బేన్ వెళ్ళిపోతున్నారని. వెళ్ళిపోతే నేను అడగాల్సిన క్షమాపణ నా గొంతులోనే ఉండిపోతుంది. ఫోన్ చేశాను.

"హలో, ప్రభాకర్ స్పీకింగ్."

"తమ్ముడూ, నేను."

"ఆఁ, చెప్పండి."

మన సంఘాల్లో మొదటి మాట 'వందనాలు'. అది రాలేదు. 'అయ్యగారూ' కూడా రాలేదు. "నేను బోర్డర్ దగ్గర సబ్‌స్టేషన్ సైట్‌లో ఉన్నానండీ, రెండు స్టేట్స్ కరెంటు తీగలు కలిపే పని. వీకెండ్‌కి సిడ్నీ వస్తాను గానీ ప్యాకింగ్ ఉంది, టైమ్ ఉండదు" అన్నాడు. నేనే వస్తానన్నాను. "బుధవారం పన్నెండింటికి నా లంచ్ బ్రేక్. గేట్ దగ్గరికి రండి. ఓ పది నిమిషాలు చూద్దాం."

ఆ దారిన వెళ్ళాలనుకునే వాళ్ళకు చెబుతున్నాను: సిడ్నీ సెంట్రల్ స్టేషన్‌లో పొద్దున రైలెక్కితే సాయంత్రానికి ఆర్మిడేల్. స్టేషన్ బయటే బస్సు కాచుకుని ఉంటుంది. రైలు టికెట్టుతో పాటే దానికీ తీసుకోవచ్చు. వేసవిలో ఎనిమిది దాకా వెలుతురుంటుంది కాబట్టి టెంటర్‌ఫీల్డ్ చేరేదాకా కొండలు చూస్తూనే వెళ్ళాను. గుండ్రాళ్ళు ఎవరో పేర్చి మరిచిపోయినట్టున్నాయి. రాళ్ళ కంటే కరెంటు స్తంభాలే నా కళ్ళు లాక్కున్నాయి. రోడ్డుకు దూరంగా, కొండ మీద నుంచి కొండ మీదకు చేతులు చాచుకుని, ఒకదాని భుజం మీద ఒకటి బరువు పెట్టినట్టు ఉత్తరానికి పోతున్నాయి. ఈ దేశంలో పదిహేడేళ్ళుగా స్విచ్ వేస్తున్నాను. తీగ ఎక్కడి నుంచి వస్తుందో ఒక్కసారీ తలెత్తి చూడలేదు.

మర్నాడు లెన్ అనే ఆయన తన టపా వ్యానులో ఎక్కించుకున్నాడు. పడమటి రోడ్డు మీద ఫారాల పెట్టెల్లో ఉత్తరాలు వేస్తూ పోతాడు. ఇరవై డాలర్లిస్తే పెట్రోలుకని తీసుకున్నాడు. నూరు కిలోమీటర్లకు మూడున్నర గంటలు పట్టింది, ప్రతి పెట్టె దగ్గరా ఆగాలి గనక. నా ఒళ్ళో బైబిలు చూసి, "పెళ్ళా, చావా?" అన్నాడు.

"క్షమాపణ" అన్నాను.

"అయితే చావే, మేట్."

సరిహద్దు నది దగ్గర పడుతుంటే లెన్ ఒక జాగ్రత్త చెప్పాడు. న్యూ సౌత్ వేల్స్ వాళ్ళు వేసవిలో గడియారం గంట ముందుకు తిప్పుతారు, క్వీన్స్‌లాండ్ వాళ్ళు తిప్పరు. వంతెన దాటితే గంట వెనక్కి. "నీ సబ్‌స్టేషన్ ఇవతలి ఒడ్డే. నీ వాచీని ముట్టుకోకు." ముట్టుకోలేదు. సరిగ్గా పన్నెండుకు రెండు నిమిషాలుండగా గేటు దగ్గర దిగాను. కాపలా ఆయన నా పేరు రాసుకుని, "పదకొండింటికే వచ్చేశారేం?" అన్నాడు. గేటు పక్క గోడ గడియారం నిజంగానే పదకొండు చూపిస్తోంది. కింద చిన్న బోర్డు: మార్కెట్ టైమ్. నిలబడింది న్యూ సౌత్ వేల్స్ నేల మీదే. అయినా కంచె లోపల వేరే గంట. లెన్ వ్యాను అప్పటికే మలుపు తిరిగిపోయింది.

రేకు షెడ్డు నీడలో ఒకావిడ తన కారు కోసం ఎదురు చూస్తోంది. పేరు మార్గరీడా, పోర్చుగల్‌లో కరెంటు, గ్యాస్ నియంత్రణ సంస్థలో పని, ఇక్కడి పద్ధతులు చూడ్డానికి వచ్చింది. నియంత్రణ అంటే ఏమిటమ్మా అని అడిగాను. తీగలు, పైపులు ఉన్న కంపెనీకీ, పొయ్యి వెలిగించుకునే ఇల్లాలికీ మధ్య నిలబడి, ఇంత కంటే ఎక్కువ తీసుకోకు, ఇంత కంటే తక్కువ ఇవ్వకు అని తీర్పు చెప్పడం అంది.

"మా గ్రంథంలో న్యాయాధిపతులున్నారు" అన్నాను. "రాజు లేని రోజులవి. ఎవడికి ఏది తోస్తే అది చేసేవాడు."

ఆవిడ పడీ పడీ నవ్వింది. "అది మా యూరప్ కథే. దేశానికో న్యాయాధిపతి, పైన రాజు లేడు."

తర్వాత చెప్పిన సంగతికి నేను చేతిలో నీళ్ళ సీసా మూత తియ్యడం మరిచిపోయాను. అక్కడ కరెంటు తీగా, గ్యాస్ పైపూ దేశం నుంచి దేశానికి పోతాయట, కానీ తీర్పులు మాత్రం సరిహద్దు రాయి దగ్గర ఆగిపోతాయి. ఈ దేశంలో పుట్టిన కరెంటు మూడో దేశానికి పోతే మధ్య దేశపు తీగకు కిరాయి ఎవరివ్వాలి? తీగ ఇరుకైతే ముందు ఎవరిని పోనివ్వాలి? పైపు వేసినవాడు పక్కవాడి గ్యాస్‌కు దారివ్వకపోతే అడిగేదెవరు? ఒక దేశపు తీర్పు రెండో దేశంలో చెల్లదు. అందుకని ఆ నియంత్రణ అధికారులు తమంతట తామే ఒక బల్ల చుట్టూ కూర్చోవడం మొదలెట్టారు. ఎవరూ ఎవరికీ పెద్ద కాదు. ఒప్పించడం తప్ప చేతిలో కర్ర లేదు. అరవై ఏళ్ళ కిందట ఒకళ్ళ ఊళ్ళ మీద ఒకళ్ళు బాంబులు వేసుకున్న దేశాలు, సహోదరులారా, ఇప్పుడు చలికాలంలో పక్కవాడి ఇంట్లో పొయ్యి ఆరకూడదని లెక్కలు పంచుకుంటున్నాయి. ఖడ్గాలు సాగగొట్టి నాగటి నక్కులు చేసే రోజు గురించి ఎన్నిసార్లు బోధించానో. అది బల్ల చుట్టూ కాగితాలతో, కాఫీలతో మొదలవుతుందని నాకు తట్టనే లేదు.

"కర్ర లేకుండా అంటే నెమ్మదిగా సాగుతుందేమో?" అన్నాను.

"చాలా నెమ్మదిగా. మా దేశానికీ స్పెయిన్‌కీ కూడా గంట తేడా. ఒకసారి సమావేశానికి మావాళ్ళు గంట ఆలస్యంగా వెళ్ళి, వాళ్ళే ముందొచ్చారని వాదించారు. అప్పట్నుంచి ఏ కాగితం రాసినా మొదటి వరసలో ఒకటే అడుగుతాం, ఎవరి గడియారం? ఇక్కడివాళ్ళు ఆ జవాబును గోడకే కొట్టారు." ఆవిడ కారు వచ్చింది.

గోడ మీద పన్నెండైంది. ప్రభాకర్ హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చాడు. "హలో అండీ. చాలాసేపైందా?"

"నా గడియారం ప్రకారం గంట. నీ గడియారం ప్రకారం ఇప్పుడే."

నవ్వు ఆపుకున్నాడు. "సారీ అండీ, చెప్పడం మర్చిపోయా. ఇక్కడ అందరం మార్కెట్ టైమ్‌లోనే బతుకుతాం. స్టేట్‌కో రెగ్యులేటర్, స్టేట్‌కో రూల్స్. తీగ కంటే ముందు వాళ్ళు కలిశారు. ఇంటి దగ్గర ఎవరి క్లాక్ వాళ్ళదే, కరెంటు కొనేటప్పుడు మాత్రం అందరిదీ ఒకటే."

"మరి తీగ ఎప్పుడు కలుపుతారు?"

"పొద్దున్నే కలిపాం. రెండు స్టేట్స్‌లో జనరేటర్లన్నీ ఇప్పుడు ఒకే అడుగు వేస్తున్నాయి. రెండువైపులా అడుగు కలిసిందో లేదో చూపించే ముల్లు ఒకటి ఉంటుందండీ, అది నిదానంగా తిరుగుతూ పైకొచ్చేదాకా ఆగాలి. తొందరపడి కలిపితే మెషీన్లు దెబ్బతింటాయి."

కంచె అవతల చూశాను. ఏ బూర మోగలేదు, ఏ మెరుపూ మెరవలేదు. సన్నగా ఒక రొద, అంతే. గాలిలో, భూకంపంలో, అగ్నిలో కనిపించని దేవుడు మెల్లని స్వరంలో ఏలీయాతో మాట్లాడాడని నేనే ఎన్నోసార్లు అరిచి చెప్పాను. అరిచి చెప్పాను.

"తమ్ముడూ, ఆ ఆదివారం నిన్ను లోతు అల్లుడన్నాను. తప్పు చేశాను. క్షమించు."

అతను హెల్మెట్ అటూ ఇటూ తిప్పాడు. "మీరు అన్నందుకు కాదండీ మా బాధ. కోపంలో అంటారు. లైట్లు పోలేదు కదా, వచ్చే ఆదివారం ఒక మాట చెప్తారేమోనని ఎదురుచూశాం. ఏడాది దాటింది. సుజాత ఇప్పటికీ అడుగుతుంది, చెప్పారంటనా అని. ఇక్కడ గేట్ దగ్గర నాకు చెబితే ఎట్లా? అన్నది అక్కడ కదా."

చేతిలో బైబిలు ఉంది గానీ తెరవలేదు.

"ఈ ఆదివారం అక్కడే చెబుతాను. ఇద్దరూ రండి. పదింటికి."

అతను గోడ వైపు చూశాడు, నా వాచీ వైపు చూశాడు. "ఎవరి టైమ్ ప్రకారం, అయ్యగారూ?"

ఆ చివరి మాట విని నేను తల తిప్పుకోవాల్సి వచ్చింది. "నీ టైమ్ ప్రకారం" అన్నాను.

అన్నట్టే ఆ ఆదివారం ఆరాధన సిడ్నీ గంటల్లో పదకొండుకు పెట్టాను. పదింటికి నేను హాలు తలుపు తీసేసరికి వాళ్ళిద్దరూ మెట్ల మీద ఉన్నారు. నా టైముకు వచ్చారు. "వందనాలు తమ్ముడూ, వందనాలు అమ్మా" అని ఈసారి నేనే ముందన్నాను. ఆ గంటసేపు ముగ్గురం కుర్చీలు వేశాం. పదకొండుకు నలభై మంది ముందు, అదే పీఠం మీద, ఆ పేరే ఎత్తి, నేను చెప్పింది జరగలేదనీ అతను చెప్పింది జరిగిందనీ చెప్పాను. విడిపోయిన రెండు రాజ్యాలకు గుర్తుగా యెహెజ్కేలు ప్రవక్త చేతిలో రెండు కర్రలు ఒకటయ్యాయి. అవి ఎలా అతుక్కున్నాయో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఇప్పుడనుకుంటాను, ముందు ఎవరో ఒకరు తన గడియారం పక్కన పెట్టి ఉంటారని. ఆ రోజు నుంచి స్విచ్ వేసినప్పుడల్లా ఒక క్షణం ఆగుతాను. ఎన్ని బల్లల చుట్టూ ఎందరు కూర్చుంటే ఈ వెలుగు.

మీరు వేసవిలో ఆ సరిహద్దుకు వెళ్తే ఒక్కటి గుర్తుంచుకోండి: ఎవరినైనా కలవాలంటే ఎన్ని గంటలకో అడిగి ఊరుకోకండి, ఎవరి గంటలో కూడా అడగండి.