పేరు అదే, కంపెనీ వేరు

చేయని తప్పు ఒక మనిషి నెత్తిన వేశాను. ఆ బరువు ఇన్నేళ్లుగా నేనూ మోస్తున్నాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నానేమో.

తొంభైల్లో పటమటలో, పురుగుమందు కొట్టే పంపులు చేసే ఫ్యాక్టరీలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. కంపెనీ దివాలా తీసింది. కోర్టు వేలంలో షెడ్డు, యంత్రాలు, పంపు పేరు ఒకాయన కొన్నాడు. నన్నూ ఉండమన్నాడు. అదే కుర్చీ, అదే బీరువా. బీరువాలో రైతులు రాసిన ఉత్తరాలు మూడున్నాయి. గాలి కొడుతుంటే ట్యాంకు అతుకు దగ్గర పగిలిందని. నేను చదివాను. కొత్త యజమానికి చూపించలేదు. ఎందుకు? ఉద్యోగం పోతుందనా? పాత గొడవలు మనకెందుకులే అనా? తెలియదు.

కొన్నాళ్లకు మైలవరం నుంచి మస్తాన్ గారు వచ్చారు. మామిడితోటలు కౌలుకు చేసే మనిషి. కుడికంటికి కట్టు. భార్య చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. గోనెసంచిలోంచి పగిలిన పంపు తీసి నా బల్ల మీద పెట్టారు. పాత కంపెనీ రోజుల్లో కొన్నది.

“ఆ కంపెనీ మూతపడిందండీ. ఇది వేరే కంపెనీ,” అన్నాను.

“పేరదే, షెడ్డదే. ఆ రోజు బిల్లు రాసిచ్చింది కూడా మీరే. మరి వేరే ఎట్టా అయిందండీ?”

కోపంతో కాదు, నిజంగా అర్థంకాక అడిగారు. నాకూ అర్థం కాలేదు.

“పోనీ, ఇట్టా ఇంకెవరికన్నా జరిగిందాండీ?” అంది ఆమె.

“లేదమ్మా. ఈయనే గాలి ఎక్కువ కొట్టుంటారు.”

ఆమె భర్త వైపు తిరిగింది. “నే చెప్పలా, అంత కొట్టొద్దని.” ఆయన తల దించుకున్నారు. ఇద్దరూ వెళ్లిపోయారు. ఆ వారమే ఉత్తరాలు చించేశాను.

తర్వాత ఒక వకీలును మాటవరసకు అడిగాను. కొన్నవాడికి ఆస్తులే వస్తాయి, పాత కంపెనీ తప్పులు మామూలుగా అంటవు, అయినా ఒక్కోసారి కోర్టు మరోలా చూడొచ్చు అన్నాడు. అంటే నేను నిజం చెప్పినా ఆయనకేమీ దక్కేది కాదా? దక్కేదా? దక్కదనుకుంటే నేను చేసిన చెడు ఏమిటి? ఇలా నాతో నేను వాదించుకుని చాలాసార్లు గెలిచాను. గెలిచాక కూడా అన్నం సయించేది కాదు.

ఒకసారి మైలవరం వెళ్లాను. మస్తాన్ గారు ఇంటి ముందు మంచం మీద కూర్చుని, పక్కింటాయనతో ఏదో చెబుతూ నవ్వుతున్నారు. దగ్గరకు వెళ్లలేకపోయాను. వచ్చిన బస్సులోనే తిరిగొచ్చాను.

ఆయన గాలి ఎక్కువ కొట్టలేదు. అతుకే బలహీనం. అది నాకు తెలుసు. ఆయనకు చెప్పాల్సిన మాట మీకు చెప్పాను. కాస్త ఊపిరి ఆడుతోంది. ఆడటం న్యాయమేనా అన్నది తెలియడం లేదు.