ముప్పై ఆరో స్థానంలో మా బావ

మొన్న ఆదివారం మణికొండలో మా అక్క కూతురి ఇంట్లో భోంచేసి కూర్చుంటే టీవీలో బాస్కెట్‌బాల్ ఆట వస్తోంది, ఒక్కో ఆటగాడి ముఖం కింద ఒక అంకె మెరిసి మాయమవుతోంది, పిన్నీ ఆ అంకేమిటి అని అది అడిగింది. ఆటగాడి సత్తా కొలిచి చెప్పే అంకె అని చెప్పి ఊరుకోవచ్చు, కానీ నేను ఊరుకునే రకాన్ని కాదు కదా. అలాంటి అంకెలు ఒకప్పుడు నేనే కట్టేదాన్నని, దానివల్ల మా ఇంట్లో వారం రోజులు ఎవరికీ అన్నం సయించలేదని చెబితే అది నమ్మలేదు. మీరైతే నమ్ముతారు, ఎందుకంటే మీలో కొందరైనా ఆ రోజుల్లో మాదాపూర్ బండల మధ్య కంపెనీ వ్యాను కోసం ఎండలో నిలబడే ఉంటారు.

తొంభైల చివరి మాట ఇది. చందానగర్‌లో అక్కా బావలతో రెండు గదుల బాడుగ ఇంట్లో ఉండేదాన్ని. హైటెక్ సిటీ అంటే ఇప్పటిది ఊహించుకోకండి. పెద్ద భవనం ఒకటి లేచింది, చుట్టూ బండలు, సీతాఫలం పొదలు, ఇంటి నుంచి డబ్బా తెచ్చుకోకపోతే ఆ పూట పస్తే. మా ఆఫీసు ఆ దారిలోనే ఒక మేడ మీద, ఆరుగురం పట్టే గది. తిన్నాక మిగిలే అరగంటలో ఏం చెయ్యాలో తోచక, లింగంపల్లి నుంచి వచ్చే అన్న, పనిలో మా అందరికీ పెద్ద, కంప్యూటర్ తనంతట తానే ఆడుకునే బాస్కెట్‌బాల్ పోటీ ఒకటి రాశాడు. ఆరుగురికి ఆరు జట్లు, జట్టుకు ఆరుగురు ఆటగాళ్ళు, ఐదుగురు ఆడుతుంటే ఒకరు బయట కూర్చోవాలి. ఎవరికి ఏ నైపుణ్యం ఇచ్చిందో కంప్యూటర్ బయటపెట్టేది కాదు. ఆట ముగిశాక ప్రింటరు కీచుమంటూ కక్కే కాగితం చూసి మేమే తేల్చుకోవాలి.

ఆటగాళ్ళకు మనుషుల పేర్లు పెడితే మేనేజరు కంట్లో పడతామని భయపడి చుట్టరికాలు పెట్టుకున్నాం. మీ చిన్నత్త బంతి వదిలేసింది, మా మేనమామ ఇరవై కొట్టాడు అని మేము అరుచుకుంటుంటే కింది అంతస్తువాళ్ళు ఏదో పెళ్ళి తగాదా అనుకునేవారు. నా జట్టులో ఒకడికి బావ అని పెట్టాను, మరదలన్నాక ఆమాత్రం పరాచికం లేకపోతే ఎలా చెప్పండి.

అనంతపురంలో కాలేజీ జట్టుకు ఆడిన గొప్ప ఒకటి ఉంది కాబట్టి సత్తా కొలిచే పని నా నెత్తిన పడింది. వేసిన పాయింట్లు, పట్టిన రీబౌండ్లు, అందించిన పాసులు కలిపి, తప్పిన షాట్లు, పోగొట్టిన బంతులు తీసేసి, ఆడిన ఆటలతో భాగించి, ముప్పై ఆరు మందినీ వరుసగా రాసి గోడకు అంటించాను. అందరికంటే అడుగున మా బావ. నాకు నవ్వాగలేదు. ఆ రోజే అతన్ని లింగంపల్లి అన్నకు ఇచ్చేసి బదులుగా వాళ్ళ మేనత్తను తీసుకున్నాను. ఏంది చెల్లే, సొంత బావను గిట్ల ఇడిసిపెడుతవా, జర సోచాయించు అని ఆయన అంటూనే ఉన్నాడు, నేను వింటేనా!

పాత ప్రింటు కాగితాలు వెనకవైపు ఖాళీగా ఉంటాయి కదా, అక్క కూతురు బొమ్మలు గీసుకుంటుందని ఇంటికి తెచ్చేదాన్ని. అప్పుడే ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటున్న ఆ పిల్ల ఒక సాయంత్రం, అందరం టీ తాగుతుండగా, వాటిలో కలిసి వచ్చేసిన నా వరుస పట్టిక అడుగున ఉన్న పేరు చదివి, ముప్పై ఆరు, బావ అని గట్టిగా ప్రకటించింది. ఇక దాచడానికేముంది, ఆట సంగతంతా చెప్పాను. బావ అవసరమైన దానికంటే ఎక్కువ నవ్వాడు. నవ్వి, గ్లాసు కింద పెట్టి, నన్ను ఎవురికి ఇచ్చేస్తివి మ్మా, వాళ్ళన్నా ఆడిస్తారా అని అడిగాడు.

ఆ మాటకు నా ప్రాణం చివుక్కుమంది. ఆయన మా ఊరివైపు ఒక నూనె మిల్లులో లెక్కలు రాసేవాడు, అది మూతపడ్డాక ఈ ఊరొచ్చి అప్పటికి పది నెలలు. రోజూ పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసుకుని, సర్టిఫికెట్ల ఫైలు చంకన పెట్టుకుని ఉద్యోగం వెతకడానికి వెళ్ళేవాడు. మర్నాడు చొక్కా ఇస్త్రీ చెయ్యలేదు. ఆ మర్నాడూ చెయ్యలేదు. అక్క నాతో ముక్తసరిగా మాట్లాడటం మొదలుపెట్టింది. పుట్టింటి ఆడపిల్లగా చనువిస్తే నెత్తికెక్కానని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇంతలో ఆఫీసులో ఒక విచిత్రం జరిగింది. మేనత్త వచ్చాక నా జట్టు వరుసగా నాలుగు ఆటలు ఓడింది, బావను తీసుకున్న లింగంపల్లి అన్న జట్టు నాలుగూ గెలిచింది. ఇదేమి చోద్యమని పాత కాగితాలన్నీ ముందేసుకుని, బావ ఆడుతున్నప్పుడు ఎదుటి జట్టు ఎంత కొట్టింది, బయట కూర్చున్నప్పుడు ఎంత కొట్టింది అని విడదీసి చూశాను. ఆయన బరిలో ఉంటే ఎదుటివాళ్ళకు మూడో వంతు పాయింట్లు తగ్గిపోతున్నాయి! బంతి చేతికి రాకపోయినా ఎదుటివాడిని ఆపుతూనే ఉన్నాడన్నమాట. నా లెక్కలో ఆపినదానికి గడే లేదు. ఆట తెలిసినదాన్నని విర్రవీగినందుకు సిగ్గుతో చచ్చాను.

సరే, ఆ తగ్గించిన పాయింట్లను కలపాలి, కానీ ఎన్ని రెట్లు కలపాలి? ఒక రెట్టు కలిపితే బావ పదకొండోవాడు, ఒకటిన్నర కలిపితే ఐదోవాడు, రెండు కలిపితే రెండోవాడు. గెలుపోటములతో సరిచూస్తే ఒకటిన్నరే నిజానికి దగ్గర, అది నాకు తెలుసు. అందుకే ఆఫీసు గోడకు ఒకటిన్నర కాగితం అంటించాను, ఇంటికి రెండు రెట్ల కాగితం పట్టుకెళ్ళాను.

బావను వెనక్కి ఇమ్మంటే లింగంపల్లి అన్న బెట్టు చేశాడు. గిప్పుడెందుకిస్త చెల్లే, మీ బావ వచ్చినంక ఇగ మాకు ఫికరే లేదు అన్నాడు. చివరికి నా జట్టులోని మేనమామనూ, అక్క చేతి ఓళిగలనూ ఇస్తే ఒప్పుకున్నాడు. ఓళిగలు ఎందుకో చెబితే అక్క ఆ వారంలో మొదటిసారి నవ్వి, మొగుణ్ణి విడిపించుకోడానికి శనగపప్పు నానబెట్టింది.

కొత్త కాగితాన్ని బావ రెండు వైపులా తిప్పి చూశాడు. ఎట్లా వచ్చింది ఈ లెక్క అని అడిగి, పాత కాగితాలు కూడా తీసుకుని, పెన్సిలుతో గడప మీద కూర్చున్నాడు. లెక్కలవాడు కదా, పొద్దు గూకేదాకా వేళ్ళు మడుస్తూనే ఉన్నాడు. నేను లోపల గుండె చిక్కబట్టుకుని కూర్చున్నాను. తరవాత లేచి, ఇస్త్రీపెట్టె ఎక్కడుందని అక్కను అడిగాడు. ఆ పైన రెండు నెలలకు మాదాపూర్‌లోనే ఒక చిన్న కంపెనీలో లెక్కలు చూసే ఉద్యోగం దొరికింది, నా కాగితం మహిమ అని నేను అనను, అది ఆయన కష్టం.

చాలా ఏళ్ళకు, ఆయన రిటైరైన రోజు, ఇంట్లో అందరం ఉండగా నన్ను పక్కకు పిలిచి, ఆ పొద్దు రెండు రెట్లేసినావు సూడు, అది తప్పమ్మా, ఒకటిన్నరే సరి అన్నాడు. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగితే, అయిదోవాన్నయినా నిజంగానే అయితి కదా, అది సాలనిపిచ్చింది, సొక్కా ఇస్త్రీ చేసుకుంటి అన్నాడు.

ఇప్పుడు ఆ బండల చోట అద్దాల మేడలు లేచాయి, అక్కడ పనిచేసే మనిషి విలువ చెప్పే అంకె ఏటా నేరుగా ఫోనులోకే వస్తోందట, మా లెక్కలకంటే వెయ్యి రెట్లు నిక్కచ్చిగా ఉంటుందట. ఉండనివ్వండి, అంకెలతోనే బతికినదాన్ని, వాటిమీద నాకు కోపం లేదు. కానీ అది అందుకున్నవాడు పెన్సిలు తీసుకుని గడప మీద మళ్ళీ కట్టి చూసుకునే వీలు లేదు; అంకె కట్టిన మనిషి పక్కగదిలో ఊపిరి బిగబట్టి ఎదురుచూడటమూ లేదు.