సుంకన్నకు వినపడిన హారన్

దయ్యాల మాట ఎత్తితే ఎదుటివాడి నోరు మూయించే మనిషిని నేను. మా వీధిలో ఎవరికైనా గాలి సోకిందంటే, పొద్దున ఏం తిన్నాడో ముందు అది కనుక్కోండయ్యా అని తిట్టేవాణ్ణి. బడి మొహం చూసినవాణ్ణి కాదు. మైలురాళ్ల మీది అంకెలు, లారీల వెనక రాతలు చూసి అక్షరాలు కూడబలుక్కున్నాను. తరవాత పొట్లాలు కట్టిన పాత పేపర్లు చదివాను. అట్లా సొంతంగా సంపాదించుకున్న బుద్ధి కాబట్టి దాన్ని ఊరికే ఎవరికీ అప్పజెప్పను. అలాంటి నాకు డెబ్బై రెండో ఏట, పట్టపగలు భయం పట్టుకుంది. అందుకే ఇది రాస్తున్నాను.

యాభై ఏళ్లుగా సైకిల్ మీద బతుకుతున్నాను. బుక్కరాయసముద్రం చెరువు కింద తోటల్లో తెల్లారకముందే ఆకుకూర కోయించుకుని, గంప క్యారియర్‌కు కట్టి, చుట్టుపక్కల పల్లెల్లో అమ్మి మధ్యాహ్నానికి తిరిగొస్తాను.

సైకిల్ తొక్కేవాడికి హారన్ అంటే ఏమిటో అద్దాలు ఎత్తుకుని కారులో కూర్చున్నవాడికి తెలియదు. వాడికి అదొక బొత్తాం. మాకు వీపు మీద చరుపు. గుండె జారుతుంది, హ్యాండిల్ వణుకుతుంది, పక్కకు దిగక తప్పదు. పక్కన ఏముంది? తారు అంచు జానెడు ఎత్తున తెగిపోయి ఉంటుంది. దాని కింద సర్కారు తుమ్మ ముళ్లు. ఒక హారన్‌కు దిగితే ఒక పంక్చర్. ఎండలో కూర్చుని ట్యూబుకు పట్టీ వేసేలోపు గంపలో మెంతికూర తల వాల్చేస్తుంది. రోడ్డంతా ఖాళీగా ఉన్నా కొడతారు. అంచునే పోతున్నా కొడతారు. ముందర మనిషి ఉన్నాడని కాదు, ఎందుకున్నాడని కొడతారు.

పైగా ఆ రోడ్డు మీద! కరువు పనుల కాలంలో మా అమ్మ ఆ రోడ్డుకే కంకర కొట్టింది. పక్కన గోనెపట్ట మీద కూర్చుని నేను చూశాను. అందుకని ఒక పంతం పట్టాను. అంచున తొక్కుతాను గానీ, ఎవడు కొట్టినా తారు దిగను, వెనక్కి చూడను.

సుంకన్న సంగతి వేరు. అతను పల్లెల్లో తిరిగి నవారు మంచాలు అల్లుతాడు. నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. పదిహేనేళ్ల కిందట క్వారీలో మందు పేలి రెండు చెవులూ పోయాయి. పక్కన పిడుగు పడినా తెలియదు. మాట మాత్రం ఉంది. తన గొంతు తనకు వినపడదు కాబట్టి అరిచినట్టు మాట్లాడతాడు. నా పెదాలు చూసి సగం, చేతులు చూసి సగం అర్థం చేసుకుంటాడు.

చెవులు లేనివాడు ఒంటరిగా ఆ రోడ్డెక్కితే ఎన్నాళ్లు బతుకుతాడు? అందుకని ఇద్దరం కలిసే పోతాం. నేను కాస్త వెనగ్గా తొక్కుతాను. బండి వస్తుంటే ముందుకొచ్చి అతని భుజం మీద చెయ్యి వేస్తాను. అతను మట్టిలోకి దిగుతాడు. పదేళ్లుగా ఇదే పద్ధతి.

పోయిన ఎండాకాలం ఒక రోజు, మధ్యాహ్నం తిరిగొస్తున్నాం. చివరి పల్లె దాటాక రోడ్డు రెండు మైళ్లు తాడు లాగినట్టు తిన్నగా ఉంటుంది. అటూ ఇటూ విత్తనం పడని ఎర్రచేలు. నీడ ఇచ్చే చెట్టు లేదు. మైలు దూరంలో మేక నడిచినా కనపడుతుంది. దూరంగా గుట్ట మీద గాలిమరలు కూడా ఆగిపోయి ఉన్నాయి. అంటే గాలి లేదు.

వెనక నుంచి హారన్ మోగింది.

యాభై ఏళ్లలో ఎన్ని హారన్లు విన్నానో! బస్సుది, టిప్పర్‌ది, ఆటోది వినగానే చెప్పగలను. ఏ హారనైనా దూరాన సన్నగా మొదలై, దగ్గరికొచ్చే కొద్దీ లావెక్కుతుంది. ఇది మొదలవడమే లావుగా, నా వీపుకు మూరెడు దూరంలో మొదలైంది. ఒకటే మోత. పెరగదు, తగ్గదు, పక్క నుంచి దాటిపోదు. నా పిక్కలకు వేడి తగిలింది.

సుంకన్న భుజానికి నా చెయ్యి ఇంకా చేరలేదు. అప్పటికే అతను సైకిల్‌తో సహా ముళ్లలోకి దూకేశాడు. రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

మోత కత్తితో కోసినట్టు ఆగిపోయింది. పంతం పట్టాక మొదటిసారి నేను వెనక్కి తిరిగి చూశాను. రోడ్డు ఖాళీ. ముందు చూశాను. ఖాళీ. ఎక్కడా దుమ్ము కూడా లేచి లేదు.

"ఏం బండన్నా అది?" అని సుంకన్న అరిచాడు. "అంత మీదికొచ్చి కొడ్తాడే, కండ్లు పోయినాయా వానికి?"

ఆ మాట అన్నాక గానీ ఇద్దరికీ తట్టలేదు. అతను చెవులు తడుముకున్నాడు. "అన్నా, నాకు ఇనపడింది! ఇనపడిందన్నా!" అని ముళ్లలో నిలబడి ఏడ్చాడు, నవ్వాడు. నేను సైకిల్ గంట అతని చెవి దగ్గర పెట్టి మోగించాను. తెలియలేదు. వెనక నిలబడి పేరు పెట్టి కేకేశాను. తెలియలేదు.

అనంతపురంలో చెవుల డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. ఆయన అతని తలకు మిషను తగిలించి చాలాసేపు చూశాడు. నరం ఎప్పుడో చచ్చిపోయింది, ఈ గదిలో లారీ హారన్ కొట్టినా వినపడదు అన్నాడు.

మళ్లీ వినపడింది. రోజూ కాదు. కానీ అదే చోట, అదే వేళకు. నేను విన్న క్షణానే సుంకన్న ఉలిక్కిపడటం ప్రతిసారీ నా కళ్లతో చూశాను. ఒకసారి అక్కడ మేకలు కాసే ఆడమనిషి ఉంటే అడిగాను. "ఏ హారనప్పా? ఎండకు మతి పోయినాదా ఏం?" అని నవ్వింది. కానీ రోడ్డు మీద ఉన్న ఆమె మేకలన్నీ రెండుగా చీలి, చెరో పక్క దిగి నిలబడి ఉన్నాయి. ఆమె అది గమనించలేదు.

నాకు ఆ రోడ్డంటే భయం మొదలైంది. సుంకన్నకు మాత్రం ఎదురుచూపు మొదలైంది. ఆ చోటికి వచ్చేసరికి అంచు వదిలి రోడ్డు నడిమధ్యకు పోయేవాడు. తల ఒక పక్కకు వాల్చి నెమ్మదిగా తొక్కేవాడు. భుజం మీద చెయ్యి వేసినా దిగేవాడు కాదు. ఒకరోజు అడ్డంగా నిలబడి తిట్టాను.

"నువ్వు ఇని ఇని ఇసుక్కుంటావు," అన్నాడు. "నాకు లోకంలో ఇనపడేది అదొక్కటే గదన్నా."

బతుకంతా నేను శాపనార్థాలు పెట్టిన మోత కోసం ఈ మనిషి ప్రాణం పెడుతున్నాడు.

ఆ వారంలోనే మళ్లీ వెనక హారన్ వచ్చింది. అదేననుకుని నేను బిగుసుకుపోయాను. చెయ్యి చాచలేదు. అయితే ఇది సన్నగా మొదలై లావెక్కుతోంది. అది తెలిసేసరికి ఆలస్యమైంది. నా సైకిల్‌తో అతణ్ణి గుద్ది ఇద్దరం ముళ్లలో పడ్డాం. టిప్పర్ నా గంపను గీరుకుంటూ పోయి ఆగింది.

"ఏమప్పా, ఆయప్పకు చెవుడా? రోడ్డేమన్నా మీ తాతదా?" అన్నాడు డ్రైవర్ తల బయటికి పెట్టి.

"మా యమ్మది రా!" అన్నాను. మోకాలు చీరుకుపోయి రక్తం కారుతోంది. అంతకంటే గట్టిగా అరవలేకపోయాను.

సుంకన్న లేచి దుమ్ము దులుపుకుని నన్నే గద్దించాడు. "యాల తోసినావు? ఏమీ ఇనపళ్లేదే!"

ఆ సాయంత్రమే అతని భార్య ఓబుళమ్మకు అంతా చెప్పాను. ఆమె చూస్తుండగా సైకిల్‌కు గొలుసు వేసి తాళం చెవి నా జేబులో వేసుకున్నాను. సుంకన్న గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. వారం రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే పోనీ, మనిషైతే దక్కాడనుకున్నాను.

తరవాత ఓబుళమ్మ మా ఇంటికి వచ్చింది.

"బావా, మద్దేనం ఒగసారి వచ్చి చూడు. పన్నెండయితే చాలు, మంచం గోడకు తోసేస్తాడు. నన్ను లేసి పక్కకు నిలబడమంటాడు. ఏమయ్యా అంటే, దావ ఇడు, బండి పోతాందంటాడు."

వెళ్లాను. వాళ్ల ఇల్లు ఆటో కూడా పట్టని సందులో ఉంది. సుంకన్న ఇంటి మధ్యలో కూర్చుని మంచం అల్లుతున్నాడు. నేను గుమ్మం పక్కన కూర్చున్నాను. పన్నెండు దాటింది. అతని చేతులు ఆగాయి. తల ఎత్తి వాకిలి వైపు చూశాడు. కాళ్లు ముడుచుకున్నాడు. గబగబా మంచం గోడకు ఈడ్చి, తనూ గోడకు వీపు ఆనించి ఊపిరి బిగబట్టాడు. అతని కళ్లు వాకిట్లో నుంచి వెనక గోడ దాకా, పొడుగాటి బండి ఏదో దాటుతుంటే చూసినట్టు, నెమ్మదిగా కదిలాయి.

నాకు ఏమీ వినపడలేదు. రోడ్డు మీద విన్నప్పటి కంటే అప్పుడే ఎక్కువ భయం వేసింది.

అంతా అయ్యాక అతను నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. మొదటిసారి గొంతు తగ్గించి మాట్లాడాడు. మునుపటి సంతోషం మొహంలో లేదు.

"తాళం చెవి ఇయ్యన్నా. ఆడయితే దిగేదానికి పక్కన చోటుండె. ఇంట్లో యాడికి దిగల్ల?"

ఇస్తే టిప్పర్ కింద పడతాడేమో. ఇవ్వకపోతే ఇది. ఆ రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే పోయి నేనే తాళం తీశాను. అంచు వదలనని ఓబుళమ్మ తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. ఒట్టు తప్పలేదు. ఇద్దరం మళ్లీ పల్లెలకు పోతున్నాం. ఆ రెండు మైళ్లలో ఇద్దరికీ ఇప్పుడా మోత వినపడదు. మధ్యాహ్నం వేళకు అతను ఇంట్లో ఉండడు కాబట్టి ఇక్కడితో తీరిపోయిందనుకున్నాను.

పోయిన వారం ఓబుళమ్మ మళ్లీ వచ్చింది. ఆమె చెవులకు ఏ లోపమూ లేదు. మధ్యాహ్నం ఇంట్లో ఒంటరిగా కూర్చుని బియ్యం చెరుగుతోందట. చాట అక్కడే వదిలేసి గోడకు అతుక్కుపోయిందట.

"నా ఈపు మీదనే హారన్ కొట్టినాడు బావా," అంది.

ఏమిటది? ఎవరిది? ఆ రోడ్డు మీద ఎందుకు మోగింది, అక్కడ ఆగి ఆ ఇంటికి ఎందుకు వచ్చింది? నాకు తెలిసిన చదువంతా తిరగేసినా అర్థం కాలేదు. ఇల్లు మారండమ్మా, ఇంకో వీధిలో నేనే చూస్తాను అన్నాను.



"మారితే దానికి తెలీదా బావా?" అంది.