బొంత మూలన బియ్యం

మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలకు మా మొదటి ఆర్డరు వచ్చింది. బొగ్గుగనిలో ఫస్టు షిఫ్టు దిగి వచ్చిన మా ఆయన స్నానం చేస్తున్నాడు. అత్తమ్మ గడప దగ్గర చేటలో బియ్యం ఏరుతోంది. తెలంగాణ ఎప్పుడొస్తుందా అని గోదావరిఖని అంతా ఎదురుచూస్తున్న రోజులవి. మా క్వార్టర్‌లో మాత్రం ఎవరైనా ఒక బొంత కొంటారా అని ఎదురుచూసేవాళ్లం. ఆ రోజుల్లో కంప్యూటర్‌లో ఫోటో పెడితే చాలు, దేశమంతా మా గుమ్మం ముందుకు వస్తుందని నేను నమ్మేదాన్ని (డిగ్రీ చదివిన కోడలిని కదా).

మామయ్య పోయాక అత్తమ్మ బొంతలు కుట్టడం మొదలుపెట్టింది. టైలర్ల దగ్గర మిగిలిన కొత్త గుడ్డముక్కలు తెచ్చుకుని పగలంతా కుట్టేది. అవి గూట్లో పేరుకుపోతుంటే ఒకరోజు సూది పక్కన పెట్టేసింది. "ఎవలు కప్పుకోని బొంత ఎందుకు బిడ్డా" అంది. తర్వాత మాట్లాడటం కూడా తగ్గించింది. ఆ సూది మళ్లీ ఆమె చేతికి రావాలనే నేను ఒక పెద్ద ఆన్‌లైన్ బజారులో దుకాణం తెరిచాను.

ఆర్డరు ఇచ్చింది పుణెలో ఒకావిడ. ఆమెకు పిల్లలెందరు, అక్కడ చలి ఎట్లుంటది అని అత్తమ్మ అడిగితే నా దగ్గర పిన్‌కోడ్ తప్ప జవాబు లేదు. పార్సిల్ కట్టేటప్పుడు అత్తమ్మ బొంత మడతలో పిడికెడు పసుపు బియ్యం పోసింది. వద్దన్నాను. "ఆడిబిడ్డ ఇంటికి ఉత్తగ పంపుతరా" అని నా వైపు జాలిగా చూసింది.

బొంత తిరిగొచ్చింది, బియ్యంతో సహా. లోపల అపరిశుభ్ర పదార్థం ఉందట. ఇంకొక్కసారి ఇలా జరిగితే దుకాణం మూసేస్తామని ఆ ఆన్‌లైన్ బజారు కంపెనీ రాసింది. అత్తమ్మ దిగులు వేరు. "బియ్యం వాపసు పంపిండ్రంటే ఆ ఇంట్ల ఏమయ్యిందో ఏమో. జల్ది ఫోన్ చెయ్యి." కొన్నవాళ్ల నంబరు మాకివ్వరని ఆమెకు చెప్పలేక కంపెనీకే ఫోన్ చేశాను. అవతలి అబ్బాయి హిందీలో మర్యాదగా, ఆ బియ్యం సరుకులో భాగమా, ప్యాకింగులో భాగమా అని అడిగాడు. నేను చాలాసేపు ఆలోచించి సరుకులో భాగమేనన్నాను. బొంత వివరాల్లో 'పిడికెడు బియ్యం ఉచితం' అని కూడా చేర్చాను. ఆహార పదార్థాలు అమ్మడానికి వేరే లైసెన్సు కావాలని జవాబొచ్చింది.

రెండో ఆర్డరు వచ్చాక అత్తమ్మను బతిమాలాను. ఆమె గొడవ పెట్టుకోలేదు. నా కళ్ల ముందే ఖాళీ మడతలు దులిపి చూపించింది. ఆ బొంత తిరిగి రాలేదు. కొన్నాళ్లకు కొన్నావిడ అయిదు నక్షత్రాలిచ్చి రాసింది: చాలా మెత్తగా ఉంది, మూలన ఏదో తగిలితే కుట్టు విప్పి చూశాను, పసుపు పూసిన బియ్యపు గింజలు, మళ్లీ లోపలే పెట్టి కుట్టేశాను.

ఇదేందత్తమ్మా అని అడిగితే ఆమె తొణకలేదు. "పొయ్యద్దన్నవ్, పొయ్యలే. కుట్టద్దని నువ్వనలేదు గద."

ఆ మెప్పులో బియ్యం అన్న మాట కంపెనీ కంప్యూటర్‌కు దొరికింది. రెండో రోజే దుకాణం మూతపడింది. ఆ సంగతి ఎలా చెప్పాలో తెలియక నేను తడబడుతుంటే అత్తమ్మే అడిగింది.

"అయితే గామె బియ్యం ఉంచుకున్నదా?"

"ఉంచుకుంది."

"గది చాలు తీ" అని సూదికి దారం ఎక్కించమని నా చేతికిచ్చింది. ఆ తర్వాత కుట్టినవన్నీ మా క్వార్టర్ల వరసలోని ఇళ్లకే పంచింది, మూలన గింజలతో.

అత్తమ్మ లేదిప్పుడు. నా మంచం మీది బొంత మూలను తడుముతూ, వేళ్లకు గింజలు తగిలినచోట ఆగుతాను. దేశాన్ని గుమ్మం ముందుకు పిలవబోయిన ఆ కోడలు గుర్తొచ్చి నవ్వొస్తుంది. మా ఇంట్లో ఇప్పుడెవరూ బొంతలు కుట్టరు.